బడికి పంతులు చేరే లెక్క

ఏ బడిలో ఎవరు పాఠం చెప్పాలో ఆ బడిలో తేలదు. అమలాపురంలోని జిల్లా విద్యాశాఖ కార్యాలయంలోనో, రాజోలులోనో కొత్తపేటలోనో మండల విద్యాశాఖాధికారి గదిలోనో ఒక బల్ల దగ్గర తేలుతుంది. ఆ బల్ల వెనక కూర్చునేది చాలాసార్లు ఉద్యోగంలో చేరి ఏడాది రెండేళ్లయిన జూనియర్ అసిస్టెంటు. ఏపీపీఎస్సీ గ్రూప్-4 రాసి వచ్చినవారు కొందరు. సర్వీసులో ఉండగా టీచరు కన్నుమూస్తే కారుణ్య నియామకం కింద వచ్చిన భార్యో, కొడుకో, కూతురో మరికొందరు. 2022 వేతన సవరణ ప్రకారం మూలవేతనం 25,220 రూపాయలు. ప్రైవేటు కంపెనీలో మానవ వనరుల విభాగం చేసే పనంతా ఇక్కడ ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో జరుగుతుంది. నియామకం, సీనియారిటీ, సెలవు, ఇంక్రిమెంటు, పదోన్నతి, బదిలీ, చివరకు పింఛను, అన్నింటికీ తొలి నోటు రాసేది ఈ సీటే.

దీన్ని గుమాస్తా పని అని తీసిపారేయడం మనకు అలవాటైపోయింది. ఆ అలవాటు పిల్లలకు నష్టం చేస్తోందని నా నమ్మకం. ఈ సీటులో రోజూ జరిగే పనిలో కొలత ఉంది, సంభావ్యత ఉంది, గత నూరేళ్లకు పైగా గణిత, ఆర్థిక శాస్త్రవేత్తలు నిరూపిస్తూ వచ్చిన సిద్ధాంతాలున్నాయి. సీటులో ఉన్నవారికి వాటి పేర్లు ఎవరూ చెప్పలేదు, అంతే.

కోనసీమలో ఈ పనికి ఒక అదనపు చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4న తూర్పు గోదావరి నుంచి విడిపోయి, అమలాపురం కేంద్రంగా, 22 మండలాలతో ఈ జిల్లా ఏర్పడింది. అదే ఏడాది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా అయింది. పటంలో గీత మారింది కానీ ఉద్యోగాల గీత మారలేదు. జిల్లా పరిషత్తు ఇప్పటికీ ఉమ్మడి జిల్లాకు ఒక్కటే, అదీ కాకినాడలో. జెడ్పీ పాఠశాలల టీచర్ల భవిష్య నిధి ఖాతాలుండేది అక్కడే. సీనియారిటీ జాబితాకూ, బదిలీకీ, టీచర్లను నియమించే డీఎస్సీకీ యూనిట్ పాత జిల్లాయే. దీని వేరు రాజ్యాంగం 371-డి అధికరణ కింద 1975 అక్టోబరులో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులో ఉంది. జూనియర్ అసిస్టెంటు పోస్టునూ టీచరు పోస్టునూ జిల్లా కేడరుగా లెక్కించి, ప్రత్యక్ష నియామకాల్లో 80 శాతం స్థానికులకు ఇవ్వాలన్నది ఆ ఉత్తర్వే. అందువల్ల అమలాపురంలో కూర్చున్న కొత్త ఉద్యోగి తన జిల్లాలో లేని ఊళ్ల ఖాళీలనూ, తనకు కనబడని మాస్టార్ల సీనియారిటీనీ లెక్కలోకి తీసుకుని పని చేయాలి.

ఈ సీటు చేతికొచ్చే మొదటి వస్తువు సర్వీస్ రిజిస్టరు. ఆఫీసు నోట ఎస్.ఆర్. గట్టి అట్ట, బారుగా గళ్లు గీసిన పేజీలు, మొదటి పేజీలో పుట్టినతేదీ, పుట్టుమచ్చలు, వేలిముద్రలు. తర్వాత సర్వీసంతా వరుసగా: ఏ తేదీన చేరారు, ఏ ప్రొసీడింగ్స్ నంబరుతో, మూలవేతనం ఎంత, ఇంక్రిమెంటు ఎప్పుడు, సెలవు ఎన్ని రోజులు, ప్రతి ఎంట్రీ పక్కన అధికారి సంతకం. ఈ పుస్తకాన్ని నడిపే ఫండమెంటల్ రూల్స్ 1922 జనవరి 1న అమల్లోకి వచ్చాయి. నూరేళ్లు దాటిన ఆ నిబంధనలే నేటికీ పునాది. ఈ-ఎస్.ఆర్. వచ్చినా దాంట్లోకి ఎక్కించేది ఈ పుస్తకంలో ఉన్నదే.

ఒక్క ఎంట్రీ విలువెంతో చూద్దాం. సెకండరీ గ్రేడ్ టీచరు మూలవేతనం 32,670 దగ్గర మొదలవుతుంది. ఏడాది తిరిగేసరికి 920 కలిసి 33,590 కావాలి. ఆ మొదటి ఇంక్రిమెంటు ఎంట్రీ పడలేదనుకుందాం. మాస్టారు చూసుకోలేదు, ఆఫీసులో ఎవరూ గుర్తించలేదు, తర్వాతి ఇంక్రిమెంట్లు మాత్రం ఏటా పడుతూ వచ్చాయి. అంటే ఆయన ఎప్పుడూ ఒక మెట్టు కిందే ఉన్నారు. స్కేలులో మెట్ల ఎత్తు పైకి వెళ్లేకొద్దీ పెరుగుతుంది కాబట్టి నెలకు తేడా మొదటి ఏడు 920, ఆ తర్వాత మూడేళ్లు 990 చొప్పున, ఐదో ఏడు 1,080. ఐదేళ్లకు కలిపితే 59,640 రూపాయలు. దానిపై కరువు భత్యం వేరు. 6, 12, 18, 24, 30 ఏళ్లకు వచ్చే ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీమ్ లెక్కలన్నీ ఈ తప్పు మెట్టు మీదే కట్టబడతాయి. పాత పింఛను ఉన్నవారికైతే ఆ తప్పు ఆఖరి నెల జీతం మీదుగా వారి తదనంతరం కుటుంబ పింఛను దాకా వెళ్తుంది. కొలతల శాస్త్రం పొరపాట్లను రెండు రకాలుగా చూస్తుంది. ఒకసారి ఇటు, ఒకసారి అటు పడి సగటున ఒకదాన్నొకటి రద్దు చేసుకునేవి యాదృచ్ఛిక దోషాలు. ఎప్పుడూ ఒకే వైపుకు లాగేవి క్రమ దోషాలు. ఎస్.ఆర్.లో తప్పిన ఎంట్రీ రెండో రకం. ఎన్నేళ్లు గడిచినా తనంతట తాను సర్దుకోదు.

అయితే దాన్ని పట్టుకునేదెలా? నంబర్ల విషయంలో శాస్త్రం ఒక దారి చూపింది. ఆధార్ సంఖ్యలో పన్నెండో అంకె, ముందున్న పదకొండింటి నుంచి లెక్కగట్టి వచ్చే తనిఖీ అంకె. డచ్చి గణితవేత్త యాకోబస్ వెర్‌హోఫ్ 1969లో ప్రచురించిన పద్ధతి అది. ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు రెండు తారుమారైనా తప్పకుండా పట్టేస్తుంది. మనుషులు టైపు చేసేటప్పుడు ఎక్కువగా చేసే తప్పులు ఆ రెండేనని పరిశీలించి మరీ దాన్ని రూపొందించాడాయన. పేరుకీ తేదీకీ ఇలాంటి తనిఖీ అంకె లేదు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఎస్.ఆర్.లో పొడి అక్షరం, బ్యాంకు పుస్తకంలో పేరు తర్వాత ఇంటిపేరు ఉంటే కంప్యూటరుకు ముగ్గురు మనుషులు. అక్కడ తనిఖీ అంకె పనిని సీటులో ఉన్న మనిషే చేయాలి. కొత్తలో చేరినవారికి నేను గట్టిగా చెప్పదలచుకున్న పద్ధతి ఇది: ఎంట్రీని ముందునుంచి రాసుకుంటూ వచ్చాక, వెనకనుంచి మళ్లీ లెక్క కట్టాలి. ఇవాళ్టి మూలవేతనం నుంచి ఒక్కో ఇంక్రిమెంటు తీసుకుంటూ వెనక్కు వెళ్తే చేరిన నాటి వేతనం దగ్గర సరిగ్గా ఆగాలి. ఆగకపోతే మధ్యలో ఎక్కడో ఎంట్రీ తప్పింది. రెండు స్వతంత్ర దారుల్లో ఒకే జవాబు రావాలన్నది ఏ ప్రయోగశాలలోనైనా మొదటి సూత్రం.

పుట్టినతేదీ గడికి ఇంకో ఉపయోగం ఉంది, దాన్ని మన కార్యాలయాలు చాలినంతగా వాడుకోవడం లేదు. 1984 నిబంధనల ప్రకారం ఒకసారి నమోదైన పుట్టినతేదీని ఉద్యోగి ఇష్టమొచ్చినట్టు మార్చుకోవడానికి వీల్లేదు. అంటే పదవీ విరమణ తేదీ ముందే తెలిసిన విషయం. ఒకటో తేదీన పుట్టినవారు అంతకుముందు నెల చివరి రోజునే దిగిపోతారు. మన తరాల్లో బడిలో వేసేటప్పుడు జూన్, జులై తేదీలు రాయించుకున్నవారు చాలామంది. బడులు తెరిచేది జూన్ 12న. తెరిచిన మూడో వారానికి, జూన్ 30న, సన్మాన సభ జరిగి కుర్చీ ఖాళీ అవుతుంది. ఈ ఖాళీ తుపానులా ఊడిపడింది కాదు, ముప్పై ఏళ్లుగా మొదటి పేజీలో రాసి ఉన్నదే. 2022 జనవరి 1 నుంచి విరమణ వయసు 60 నుంచి 62కు పెరగడంతో 2022, 2023 సంవత్సరాల్లో వయసు కారణంగా విరమణలు ఆగి, 2024 నుంచి మళ్లీ మొదలయ్యాయి. అంటే ఖాళీల ప్రవాహానికి రెండేళ్లు గేటు వేసి తీసినట్టయింది. వచ్చే ఐదేళ్లకు మండలాల వారీగా, సబ్జెక్టుల వారీగా విరమణల పట్టిక వేయడం జూనియర్ అసిస్టెంటు ఒక్క వారంలో చేయగల పని. రావులపాలెం మండలంలో గణితం టీచర్లు ఎవరెవరు ఏ నెలలో దిగిపోతారో మూడేళ్ల ముందే తెలిసినప్పుడు, పదో తరగతి పిల్లలు ఆగస్టు దాకా లెక్కల మాస్టారి కోసం ఎదురుచూడాల్సిన అవసరం ఏముంది?

ఇక ఏ బడికి ఎంతమంది అన్న లెక్క. విద్యా హక్కు చట్టం 2009 షెడ్యూలు ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు, 120 దాకా నలుగురు, 200 దాకా ఐదుగురు. రాష్ట్రం దీనిపైన తన సొంత నిబంధనలు పెట్టుకుంటుంది. 2022 జూన్‌లో జీవో 117తో బడులను ఒక తీరున విడదీశారు. 2025 మేలో దాన్ని పక్కనబెట్టి తొమ్మిది రకాల పాఠశాలలుగా, అందులో తరగతికొక టీచరు ఉండే మోడల్ ప్రైమరీ బడులతో సహా మళ్లీ అమర్చారు. నిబంధన ఏదైనా దాని ఆకారం మెట్ల వరుసే. పిల్లల సంఖ్య ఒక్కొక్కటిగా పెరుగుతుంది, టీచర్ల సంఖ్య గెంతుతుంది. మెట్టు అంచున ఒక్క పిల్లవాడి పేరుతో ఒక పోస్టు వస్తుంది లేదా పోతుంది.

ఈ మెట్ల మీద ప్రపంచ ప్రసిద్ధమైన పరిశోధన ఉంది. ఇజ్రాయెల్‌లో తరగతికి 40 మంది మించరాదు, 41వ పిల్లవాడు చేరగానే తరగతి రెండవుతుంది. పన్నెండో శతాబ్దపు పండితుడు మైమోనిడీస్ పేరు మీద పిలిచే ఆ నియమాన్ని ఆధారం చేసుకుని జాషువా ఆంగ్రిస్ట్, విక్టర్ లావీ 1999లో ఒక వ్యాసం ప్రచురించారు. నలభైకి కాస్త ఇటూ అటూ ఉన్న బడులను పోల్చి, చిన్న తరగతుల్లో నాలుగు, ఐదు తరగతుల పిల్లల మార్కులు మెరుగ్గా ఉన్నాయని చూపారు. ఆంగ్రిస్ట్‌కు 2021లో నోబెల్ వచ్చింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2019లో, వాళ్లే మరికొందరితో కలిసి కొత్త గణాంకాలతో అదే లెక్క మళ్లీ వేశారు. ఈసారి ఆ ప్రభావం కనబడలేదు. దాంతోపాటు ఇంకో సంగతి బయటపడింది: మెట్టు దాటేలా బడులు తమ నమోదు సంఖ్యలను సర్దుకుంటున్న జాడలు. తమకు పేరు తెచ్చిన ఫలితాన్ని తామే తిరిగి పరీక్షకు పెట్టిన ఆ శాస్త్రవేత్తల నిజాయితీ నాకు ఎంతో గౌరవం కలిగిస్తుంది. మన మండల కార్యాలయానికి అందులో నేరుగా పాఠం ఉంది. మెట్టు ఉన్న ప్రతిచోటా అంకెపై ఒత్తిడి ఉంటుంది. బడుల వివరాలు నమోదయ్యే యూడైస్ ప్లస్‌లో 2022-23 నుంచి పిల్లవాడి వారీగా వివరాలు ఎక్కించడం మొదలైంది కాబట్టి ఒకే పిల్లవాడు రెండు బడుల్లో కనబడటం కష్టమైంది. అయినా 61, 62 దగ్గర ఆగిన బడుల జాబితాను విడిగా తీసి, ఆ పేర్లను ఒకసారి స్వయంగా సరిచూసుకోవడం మంచి పద్ధతి. అదే సమయంలో 58, 59 దగ్గర ఆగిన బడులనూ చూడాలి. పేరు నమోదు కాక బయట ఉండిపోయిన బిడ్డ అక్కడే దొరకవచ్చు.

నియామకాల్లో మరో గణితం. 2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటన వచ్చింది. పరీక్షలు అనేక షిఫ్టుల్లో కంప్యూటర్ మీద జరిగాయి కనుక ఒక షిఫ్టు పేపరు కఠినమై మరొకటి తేలికైన తేడాను సరిచేయడానికి మార్కులను నార్మలైజ్ చేశారు. ప్రకటనకు కొద్ది రోజుల ముందే ఎస్సీ వర్గీకరణ ఆర్డినెన్సు వచ్చింది: మొదటి గ్రూపుకు 1 శాతం, రెండో గ్రూపుకు 6.5, మూడో గ్రూపుకు 7.5. నూరు పాయింట్ల రిజర్వేషన్ రోస్టరులో ఆరున్నర పోస్టు ఎక్కడ పెడతాం? అందుకే 200 పాయింట్ల రోస్టరు. అప్పుడు 2, 13, 15 అని పూర్ణ సంఖ్యలొస్తాయి, మొత్తం 30, అంటే అదే 15 శాతం. రోస్టరు రిజిస్టరులో ఏ పాయింటు దగ్గర ఆగామో తప్పుగా రాస్తే తర్వాత వచ్చే ప్రతి నియామకమూ ఒకరి హక్కు మరొకరికి ఇచ్చినట్టే. కోర్టు కేసుల్లో చాలావాటి మూలం వెతుకుతూ పోతే ఇలాంటి ఒక గడి దగ్గరకే చేరుతాం.

అన్నింటికన్నా లోతైన శాస్త్రం బదిలీల్లో ఉంది. 2025 మార్చిలో రాష్ట్ర శాసనసభ ఉపాధ్యాయ బదిలీల చట్టాన్ని ఆమోదించింది. ఒకేచోట ఎనిమిది విద్యా సంవత్సరాలు పూర్తయిన టీచరు, ఐదేళ్లు పూర్తయిన ప్రధానోపాధ్యాయులు తప్పనిసరిగా కదలాలి. ఎవరి వరుస ముందన్నది పాయింట్లు తేలుస్తాయి. పనిచేసిన ఊరి కేటగిరీ, సర్వీసు, భార్యాభర్తల ఉద్యోగాలు వంటివి అందులోకి వస్తాయి. ఊరు ఎంత మారుమూలైతే ఏడాదికి అన్ని ఎక్కువ పాయింట్లు. ఆ వేసవిలో సెకండరీ గ్రేడ్ టీచర్లకు ఆన్‌లైన్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టించాలని ప్రభుత్వం అనుకుంది. టీచర్లు ఒప్పుకోలేదు. మాన్యువల్ కౌన్సెలింగే కావాలని ఆందోళన చేశారు, ప్రభుత్వం అంగీకరించింది.

ఈ ఆందోళనను చాలామంది కంప్యూటరంటే భయం అనుకున్నారు. శాస్త్రం టీచర్ల పక్షాన ఉంది. వరుస ప్రకారం ఒక్కొక్కరు తమకు నచ్చిన ఖాళీని తీసుకునే పద్ధతిని గణితవేత్తలు క్రమ ఎంపికగా అధ్యయనం చేశారు. అందులో ఎవరికీ తమ అసలు ఇష్టాన్ని దాచి లాభపడే అవకాశం లేదు. సిద్ధాంతం ప్రకారం వెబ్ ఆప్షన్లయినా, హాలులో పిలిచి అడిగినా, అందరూ తమ ఇష్టాలను పూర్తిగా, నిజంగా చెబితే ఫలితం ఒకటే. చిక్కు ఆ "పూర్తిగా" దగ్గరే. వెబ్ ఆప్షన్లలో టీచరు ఉమ్మడి జిల్లా ఖాళీలన్నింటికీ ఒకటి, రెండు, మూడు అని వందల సంఖ్యలో వరుస రాయాలి. ఎప్పుడూ చూడని ఊళ్లలో ఏది 340వది, ఏది 341వది అని ఎవరైనా ఎలా చెప్పగలరు? హాలులోనైతే తన పేరు పిలిచేసరికి మిగిలిన ఖాళీలు తెర మీద కనబడతాయి, వాటిలోంచి ఒక్కదాన్ని ఎంచుకుంటే చాలు. 2017లో షెంగ్‌వు లీ అనే ఆర్థికవేత్త సరిగ్గా ఈ తేడానే పరిశోధించి, రెండు పద్ధతులూ సిద్ధాంతంలో సమానమైనా, వంతు వచ్చినప్పుడు ఎంచుకునే పద్ధతిలో మనుషులు చాలా తక్కువ తప్పులు చేస్తారని ప్రయోగంతో చూపాడు. మన ప్రాథమిక పాఠశాలల టీచర్లు ఆ వ్యాసం చదవలేదు. తమ అనుభవం నుంచే అదే నిర్ణయానికి వచ్చారు.

అయితే మాన్యువల్ కౌన్సెలింగ్‌లోనూ ఒక లోపముంది, దాన్ని దాచిపెట్టకూడదు. ఒక టీచరు కొత్త చోటు కోరుకోగానే ఆమె పాత చోటు ఖాళీ అవుతుంది. ఆ ఖాళీ తర్వాతి వరుసవారికి దక్కుతుంది కానీ ముందే ఎంచుకుని వెళ్లిపోయినవారికి దక్కదు. ఎక్కువ పాయింట్లున్నవారు కోరుకున్న చోటు వారికన్నా తక్కువ పాయింట్లవారికి అందడం ఇలాగే జరుగుతుంది. ఇంకో చిక్కూ ఉంది. అంతర్వేదిలో ఉన్న మాస్టారు కొత్తపేట కోరుకుంటారు, కొత్తపేటలో ఉన్నామె ముమ్మిడివరం కోరుకుంటుంది, ముమ్మిడివరంలో ఉన్నాయనకు అంతర్వేది దగ్గర సొంతూరు. మూడు చోట్లా ఖాళీ లేదు కనుక ముగ్గురూ కదలరు. ముగ్గురినీ ఒక వలయంగా తిప్పితే ముగ్గురికీ కోరుకున్నది దొరుకుతుంది, ఎవరికీ నష్టం లేదు. ఇలాంటి వలయాలను వెతికి తిప్పే పద్ధతిని లాయిడ్ షాప్లీ, హెర్బర్ట్ స్కార్ఫ్ 1974లో వివరించారు, దాని వెనక ఆలోచన డేవిడ్ గేల్‌ది. షాప్లీకీ ఆల్విన్ రాత్‌కూ 2012లో నోబెల్ ఇచ్చింది ఈ కోవకు చెందిన పనికే. రాత్ బృందం ఇదే తర్కాన్ని మూత్రపిండాల మార్పిడికి వాడి, సొంతవారితో రక్తం కలవని జంటలను కలిపింది. ఫ్రాన్స్‌లో టీచర్ల బదిలీలు దేశవ్యాప్తంగా ఒక కంప్యూటర్ పద్ధతిలో నడుస్తాయి. ఎవరి ప్రస్తుత స్థానం మీద వారికి హక్కు కాపాడుతూనే ఇంకా ఎక్కువమందిని కోరుకున్న చోటికి పంపవచ్చని కోంబ్, తెర్సియో, తెరియే అనే పరిశోధకులు 2022లో చూపారు. మన పరస్పర బదిలీ ఇద్దరి మధ్యే ఆగిపోతుంది. ముగ్గురు, నలుగురి వలయాలను వెతికి పెట్టడం ఒక మామూలు కంప్యూటరుకు క్షణాల పని. కౌన్సెలింగ్ హాలును అలాగే ఉంచి, అది పూర్తయ్యాక కోరుకున్నవారికి మాత్రం ఇలాంటి వలయాల రౌండు ఒకటి పెట్టవచ్చు.

కోనసీమలో ఇది ఇంకా అవసరం, ఎందుకంటే ఇక్కడ దూరం కిలోమీటర్లలో తేలదు. గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయలు ఊళ్లను విడగొట్టాయి. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే అవతల నరసాపురం, అది పశ్చిమ గోదావరి జిల్లా. పంటు ఆగిన రోజున అదే ఊరికి దిండి మీదుగా చించినాడ వంతెన దాటి చుట్టూ తిరిగి వెళ్లాలి. భర్త నరసాపురంలో, భార్య సఖినేటిపల్లి మండలంలో ఉద్యోగం చేస్తుంటే ఆ ఇల్లు ఒకే ఊరో రెండు జిల్లాలో నది నిర్ణయిస్తుంది. వరద కాలంలో లంక గ్రామాల బడులకు వెళ్లడమంటే పడవ కోసం రేవులో నిలబడటం. 2018 జులై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర నిర్మాణంలో ఉన్న వంతెన స్తంభానికి నాటుపడవ తగిలి బోల్తాపడింది, బడి నుంచి ఇళ్లకు వెళ్తున్న పిల్లలు గోదావరిలో కొట్టుకుపోయారు. ఆ తర్వాత ఎవరైనా సరే, లంక ఊరిని కేటగిరీల పట్టికలో కిలోమీటర్లు చూసి కొలవడం సరికాదు. ఇంటి గుమ్మం నుంచి బడి గుమ్మానికి పట్టే నిమిషాలు, ఏడాదిలో దారి మూసుకుపోయే రోజులు, ఈ రెండూ నమోదు చేయాలి. భూగోళ శాస్త్రంలో ప్రయాణ కాలాన్ని బట్టి గీసే పటాలు కొత్తవేమీ కావు. రేవు రేవుకూ సమాచారం పంపగల ప్రధానోపాధ్యాయులు మనకున్నారు. ఆ గడిని పట్టికలో చేర్చమని నోటు పెట్టాల్సింది ఎస్టాబ్లిష్‌మెంట్ సీటే.

ఇంత పనికి ఆ సీటుకు సమయం ఎక్కడిదన్న ప్రశ్న న్యాయమైనదే. అమెరికా శాస్త్రవేత్త జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఒకటుంది: పెండింగులో ఉన్న కాగితాల సంఖ్య, రోజుకు వచ్చే సంఖ్యనూ ఒక్కోటి ఆగే రోజులనూ గుణిస్తే వచ్చేదానికి సమానం. రోజుకు 30 తపాలు వచ్చి ఒక్కోటి సగటున 12 పనిదినాలు ఆగుతుంటే బల్ల మీద ఎప్పుడూ 360 ఉంటాయి. ఎవరైనా వచ్చి "బాబూ, నా కాగితం కదిలిందా?" అని అడిగితే "చూస్తానండీ మాస్టారూ" అనడం కన్నా, పర్సనల్ రిజిస్టరులో నేటికి తెరిచి ఉన్నవి ఎన్నో, రోజుకు ఎన్ని వస్తున్నాయో చూసి ఇన్ని రోజులు పడుతుందని చెప్పవచ్చు. ఇంకో చేదు నిజం క్యూల సిద్ధాంతం చెబుతుంది. 1909లో కోపెన్‌హేగన్ టెలిఫోన్ లైన్ల మీద ఎర్లాంగ్ అనే గణితవేత్త మొదలుపెట్టిన శాస్త్రం అది. కాగితాల రాక క్రమం లేకుండా ఉంటే, ఒక మనిషి తన శక్తిలో 80 శాతం పనితో ఉన్నప్పుడు సగటున నాలుగు ఫైళ్లు నిలిస్తే, 90 శాతానికి తొమ్మిది, 95 శాతానికి పందొమ్మిది నిలుస్తాయి. 90 శాతం దగ్గర పని ఇంకో ఐదు శాతం పెరిగితే నిరీక్షణ రెట్టింపవుతుంది. మే, జూన్ బదిలీల రోజుల్లోనూ మార్చి బిల్లుల రోజుల్లోనూ జూనియర్ అసిస్టెంటు ఎంత కష్టపడినా కుప్ప తరగకపోవడానికి కారణం సోమరితనమని నిందించడం అన్యాయం. రద్దీ నెలల్లో పక్క సెక్షన్ నుంచి ఒక్క మనిషిని సర్దితే కుప్ప సగానికన్నా బాగా తగ్గుతుందని ఇదే సిద్ధాంతం చెబుతోంది. 2022 సెప్టెంబరులో రాష్ట్రవ్యాప్తంగా 679 రెండో మండల విద్యాశాఖాధికారి పోస్టులు మంజూరు చేసినప్పుడు పర్యవేక్షణ బరువు పంచినట్టయింది. ఆ అధికారి కింద నోటు రాసే చేతుల బరువు కూడా అలాగే పంచాలి.

శిక్షణ సంగతి. కొత్త జూనియర్ అసిస్టెంటు ఇప్పుడు నేర్చుకునేది ప్రధానంగా శాఖాపరమైన పరీక్షలకు చదివే అకౌంట్స్ టెస్టు నుంచీ, జిల్లా కార్యాలయ మాన్యువల్ నుంచీ, పక్క సీటులో ఉన్న సీనియర్ చేతి నుంచీ. మాన్యువల్‌కు నేను తలవంచి నమస్కరిస్తాను. తపాలు ఎలా పంచాలో, నోటు ఫైలు కరెంటు ఫైలు ఎలా వేరుంచాలో, ఏ ఫైలును ఆర్.డిస్. అని శాశ్వతంగా దాచాలో చెప్పే ఆ పుస్తకం సమాచార శాస్త్రమే. దానిలో లేనివి మాత్రం ఎవరో నేర్పాలి. బాపట్లలోని మానవ వనరుల అభివృద్ధి సంస్థలో విద్యాశాఖ కొత్త ఉద్యోగులకు ఒక ప్రత్యేక తరగతి పెట్టి, మూడు అభ్యాసాలు చేయించవచ్చు: ఒక ఎస్.ఆర్. నకలు ఇచ్చి వెనకనుంచి లెక్క కట్టించి తప్పిన ఎంట్రీ పట్టించడం. ఒక మండలానికి ఐదేళ్ల విరమణల పట్టిక వేయించడం. పన్నెండు మంది టీచర్లు, పన్నెండు బడులతో ఉత్తుత్తి కౌన్సెలింగ్ నడిపించి, వరుస మారిస్తే ఎవరికి ఏం మారుతుందో చేతులారా చూపించడం. రెండు రోజులు చాలు. మొదటి బ్యాచికి అల్లవరం, కాట్రేనికోన, మలికిపురం మండల కార్యాలయాల్లో సీటు చూస్తున్నవారిని పిలవాలని నా కోరిక. వాళ్ల ఫైళ్లలో కిలోమీటరుకూ పడవకూ మధ్య తేడా ప్రతి జూన్‌లోనూ వస్తుంది.